లాగి చూడని లంగరు

పడవ కొన్న మొదటి ఏడాది మేం జీపీఎస్ స్క్రీను పెట్టించాం, తెరచాప కొత్తది తెప్పించాం, లోపల పరుపులకి గుడ్డ మార్పించాం. లంగరు మాత్రం పడవతో వచ్చిందే ఉంచేశాం. దాని గురించి ఆలోచించడానికి ఏముందిలే, బరువైన ఇనుము, నీళ్ళలో వేస్తే అడుగుకి పోయి పడవని పట్టుకుంటుంది అనుకున్నాం. విశాఖలో సరదాకి తెరచాప పడవ నడిపేవాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందిమి, అందులోనూ ఇలా అనుకునేవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తున్నారు. ఈ మధ్య ఒకాయన కొత్తగా పడవ కొని "లంగరు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆటోపైలట్ పెట్టిద్దాం" అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. లంగరు తన బరువుతో పడవని ఆపదు, నేలలోకి దిగబడి ఆపుతుంది. అది దిగబడిందో లేదో ఇంజన్‌తో లాగి చూసేదాకా మీ పడవ లంగరు మీద లేనట్టే లెక్క.

నాకు ఇది తెలిసింది భీమిలి ముందు ఒక మార్చి రాత్రి. మాది 28 అడుగుల పాత పడవ, మా బావా నేనూ కలిసి కొన్నది. శనివారం మధ్యాహ్నం బయల్దేరి, రుషికొండ, మంగమారిపేట దాటుకుంటూ చీకటి పడేలోపు భీమిలి చేరాం. ఆరు మీటర్ల లోతు, అడుగున ఇసక. నాలుగు కొక్కేల లంగరు వేసి, పాతిక మీటర్ల తాడు వదిలి, తాడు బిగిసింది కదా అని కట్టేశాం. రాత్రి గాలి నేల మీద నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తోంది, పడవ ముక్కు ఊరి వైపు తిరిగి ఉంది. ఒడ్డున ఒక వీధి దీపం, దాని వెనక సెల్ టవర్ మీద ఎర్ర దీపం, రెండూ సరిగ్గా ఒకదాని పైన ఒకటి కనిపిస్తున్నాయని బావ చూపించాడు. అన్నం తిని ఇద్దరం పడుకున్నాం.

రెండు దాటాక పడవ ఊగే తీరు మారి మెలకువ వచ్చింది. పైకి వచ్చి చూస్తే ముక్కు సముద్రం వైపు ఉంది. దక్షిణపు గాలి, కాస్త గట్టిగానే. పడవ తిరిగిందంటే గుర్తులు కొంచెం పక్కకి జరగడం మామూలే, దానికి భయపడక్కర్లేదు. కానీ నేను నిలబడి చూస్తుండగానే ఆ రెండు దీపాల మధ్య ఎడం పెరుగుతోంది. సాయంత్రం వినిపించని కెరటాలు విరిగే చప్పుడు ఇప్పుడు వెనక నుంచి స్పష్టంగా వినిపిస్తోంది. "బావా, జారిపోతున్నాం, లే" అని అరిచాను. బావ ఇంజన్ స్టార్ట్ చేశాడు, నేను ముక్కు దగ్గరికి పాకి తాడు లాగడం మొదలుపెట్టాను. బావిలోంచి ఖాళీ చేద తోడినట్టు తాడు తేలిగ్గా వచ్చేసింది. టార్చి వేసి చూస్తే, ఒక కొక్కేనికి తాడు రెండు చుట్లు తిరిగి బిగుసుకుని ఉంది. నాలుగు కొక్కేల మొనలూ కడిగినట్టు శుభ్రంగా ఉన్నాయి, ఒక్క ఇసక రేణువు లేదు.

ఏం జరిగిందో అక్కడే అర్థమైంది. నాలుగు కొక్కేల లంగరు అడుగున పడ్డప్పుడు రెండు కొక్కేలు నేలని గీస్తాయి, మిగతా రెండూ పైకి నిలబడి ఉంటాయి. గాలి తిరిగినప్పుడు పడవ లంగరు మీదుగా అవతలి వైపుకి పోయింది. అడుగున వదులుగా పడున్న తాడు ఆ పైకి నిలబడ్డ కొక్కేనికి చుట్టుకుంది. ఆ తర్వాత పడవ లంగరుని కాడ (తాడు కట్టే పొడుగాటి కడ్డీ) పట్టి కాకుండా తల పట్టి లాగింది. అలా లాగితే ఏ లంగరూ నిలవదు. తెల్లవారేదాకా ఇరవై మీటర్ల లోతులో ఇంజన్ మీదే తిరుగుతూ ఉండిపోయాం.

పొద్దున్న వలలు తీసుకుని వస్తున్న ఒక బోటు పక్కన ఆగింది. అందులో పెద్దాయన మా లంగరు చూసి "రాత్రి ఇద్దరూ పడుకున్నారేటి బాబూ?" అని అడిగాడు. అవునన్నాను. "మా లంగరూ ఇలాటిదే. కానీ మా బోట్లో ఒకడు మేలుకునే ఉంటాడు బాబూ, జారితే ఎత్తి మళ్ళీ ఏసుకుంటాం" అన్నాడు. తన లంగరు చూపించాడు కూడా. మామూలు ఇనప చువ్వలు వంచి చేసినది. రాళ్ళ మీద వేటకి వెళ్ళినప్పుడు కొక్కెం రాయి సందులో ఇరుక్కుంటే ఇంజన్ పెట్టి లాగుతారు, చువ్వ సాగి లంగరు బయటికొస్తుంది, ఒడ్డుకొచ్చాక మళ్ళీ వంచుకుంటారు. వాళ్ళ పనికి అది సరైన లంగరు. "జాలర్లు తరతరాలుగా వాడుతున్నారు, మనకేం తక్కువ" అనే మాట నేనూ ఎన్నోసార్లు అన్నాను. ఆ మాటలో మనం వదిలేసేది ఆ మేలుకునే మనిషిని. మనం లంగరు వేసేది నిద్రపోవడానికి, పడవ వదిలి ఊళ్ళోకి వెళ్ళి రావడానికి. కాబట్టి మన లంగరుకి గాలి ఎటు తిరిగినా తనంతట తాను మళ్ళీ పట్టుకునే గుణం ఉండాలి.

ఇక బరువు సంగతి. పడవలకి ప్రమాణాలు రాసే అమెరికన్ బోట్ అండ్ యాచ్ కౌన్సిల్ వాళ్ళ పట్టిక ఒకటుంది, పడవ పొడుగుని బట్టి లంగరు మీద ఎంత లాగుడు పడుతుందో చెప్పేది. అందులో 30 అడుగుల పడవకి 15 నాట్ల (ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు) గాలిలో 175 పౌండ్లు, అంటే దాదాపు 80 కిలోలు. 30 నాట్లకి 700 పౌండ్లు, దాదాపు 320 కిలోలు. గాలి రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలు. ఆ పట్టికలో కెరటాల కుదుపు కూడా కలిపారు కాబట్టి అంకెలు కొంచెం ఎక్కువే అంటారు, అలా అనుకుని సగానికి కోసినా 30 నాట్లలో 160 కిలోలు. మా పాత లంగరు తొమ్మిది కిలోలు, నీళ్ళలో మునిగితే అదీ ఎనిమిదే. ఎనిమిది కిలోల బరువు 160 కిలోల లాగుడిని ఎలా ఆపుతుంది? ఇనుము ఆపదు, దాని మీద పేరుకున్న ఇసక ఆపుతుంది. అందుకే ఆకారం అంత ముఖ్యం.

ఆకారాల కథ కూడా తెలుసుకోదగ్గదే. 1933లో నాగలి కర్రులాంటి లంగరుని తయారుచేసింది జి.ఐ. టేలర్ అనే బ్రిటిష్ గణిత భౌతిక శాస్త్రవేత్త. ద్రవాల కదలిక మీద ఆయన చేసిన పని ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి తెలిసే ఉంటుంది. స్వయంగా పడవ నడిపేవాడు. నీళ్ళ మీద దిగే విమానాలకి తేలికైన లంగరు కావాలి, దానికోసం ఆలోచించాడు. పేరు సీక్యూఆర్. ఆ తర్వాత యాభై అరవై ఏళ్ళపాటు ప్రపంచమంతా తిరిగిన పడవల ముక్కు మీద ఎక్కువగా కనిపించింది అదే. దాన్ని చిన్నచూపు చూడను. కానీ ఒక్కసారి ఆలోచించండి. నాగలి చేసింది దేనికి? మట్టిని రెండు పక్కలకీ తోసుకుంటూ ముందుకి పోవడానికి. గట్టి గాలిలో నాగలి లంగరు చేసేదీ అదే, మెల్లగా చాలు తీసుకుంటూ వస్తుంది. మనకి కావలసింది పార. పార మొన దిగాక మట్టి పక్కకి పోదు, పళ్ళెంలో నిండుతుంది, లాగేకొద్దీ ఇంకా దిగుతుంది.

1990ల నుంచి వచ్చిన కొత్త రకాలన్నీ ఈ పార బుద్ధితో చేసినవే. ఫ్రాన్సులో అలెన్ ప్వారో చేసిన స్పేడ్ అయినా, 2000 తర్వాత న్యూజిలాండ్‌లో పీటర్ స్మిత్ చేసిన రాక్నా అయినా అంతే. లోపలికి గుంటగా ఉండే రెక్క, పదునైన మొన. బోర్లా పడితే తిరిగి నిలబెట్టడానికి కొన్నిటికి మొనలోనే సీసం బరువు ఉంటుంది, కొన్నిటికి వెనక విల్లులాంటి కమ్మీ ఉంటుంది. పడవ తిరిగినా ఇవి చాలావరకు భూమిలో ఉండే తిరుగుతాయి, పైకి లేచినా కొద్ది దూరంలోనే మళ్ళీ దిగుతాయి. భీమిలిలో మాకు లేనిది సరిగ్గా ఈ గుణమే. రెండు పలకల డాన్‌ఫోర్త్ లంగరు కూడా మన ఇసకలో బ్రహ్మాండంగా పడుతుంది, తేలిక, మడిచి పెట్టుకోవచ్చు, కానీ లాగుడు దిక్కు మారినప్పుడు ఊడిందంటే పలకల మధ్య చిన్న రాయి ఇరుక్కున్నా చాలు, మళ్ళీ దిగదు. రెండో లంగరుగా ఉంచుకోండి, మేమూ ఉంచుకున్నాం. బ్రూస్ అనే మూడు వేళ్ళ లంగరు గురించి పెద్దగా చెప్పను. రాళ్ళలో ఫరవాలేదు, చిన్న సైజుల్లో ఇసకలో పట్టు తక్కువ.

సైజు దగ్గర నా సలహా సూటిగా ఉంటుంది. తయారీదారు పట్టికలో మీ పడవకి ఏది రాశారో చూసి, దానికి పైది కొనండి. మా పడవకి పది కిలోలది సరిపోతుందని ఉంది, మేం 15 కిలోలది తీసుకున్నాం. "ముక్కు మీద బరువు పెరిగి పడవ నడక చెడుతుంది" అని బావ కొన్నాళ్ళు వాదించాడు. పడవలో ఎవరూ తీయని టూల్ బాక్సు, రెండు పాత బ్యాటరీలు దింపేస్తే ఆ ఐదు కిలోలు ఎప్పుడో సరిపోయాయి. డబ్బులా? స్క్రీనుకి పెట్టిన దానికన్నా తక్కువే అయింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళో ఈ ఆలోచన ప్రతివాళ్ళకీ వస్తుంది. దిగుమతి లంగరు కొనేముందు, ఆ బొమ్మ చూపించి ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో చేయించుకున్నాం. చూడ్డానికి అచ్చం అలాగే వచ్చింది. ఇసకలో వేస్తే పక్కకి పడుకుని జారింది, మొన నేలకి ఆనలేదు. రెండోసారి ఎలాగో దిగింది, పడవ పక్కకి తిరగగానే కాడ అరచేయంత వంగింది. బరువు మొన మీద ఎంత పడాలి, రెక్కకీ కాడకీ మధ్య కోణం ఎంత, కాడకి ఏ రకం ఉక్కు వాడాలి, ఇవేవీ బొమ్మలో కనిపించవు. వెల్డింగ్ అతని తప్పు లేదు, మేం ఇచ్చింది బొమ్మ మాత్రమే.

మంచి లంగరు ఉండి కూడా జారిపోయేవాళ్ళలో ఎక్కువమంది తాడు తక్కువ వదిలినవాళ్ళే. లంగరు దిగాలంటే లాగుడు నేలకి సమంగా ఉండాలి, పైకి లాగితే ఊడుతుంది. లెక్క ఇలా చేయండి. లోతు చూపించే డెప్త్ సౌండర్ 5 మీటర్లు చూపిస్తోంది అనుకుందాం. అది నీటి మట్టం నుంచి చెబుతోందా, కీల్ (పడవ కింద దిగి ఉండే రెక్క) అడుగు నుంచి చెబుతోందా అనేది ముందే తెలుసుకుని ఉండాలి. నీటి మీద నుంచి పడవ ముక్కు ఎత్తు ఒక మీటరు. విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుకీ పోటుకీ తేడా సుమారు ఒకటిన్నర మీటర్లు, ఆటులో లంగరు వేస్తే అదీ కలపాలి. మొత్తం ఏడున్నర. అంతా గొలుసే అయితే దానికి ఐదింతలు, అంటే 37 మీటర్ల పైన. తాడు ఎక్కువ, గొలుసు తక్కువ అయితే ఏడింతలు, 52 మీటర్లు. ఆ రాత్రి మేం వదిలింది పాతిక. పక్కపక్కనే పడవలు నిండిపోయే రేవుల్లో తిరిగేవాళ్ళు మూడింతలు చాలంటారు, తిరగడానికి చోటుండదు కాబట్టి వాళ్ళ ఇబ్బంది వాళ్ళది. మన దగ్గర భీమిలి ముందు రాత్రిపూట మనమే ఉంటాం. ఒడ్డు నుంచి అలివి వల లాగే చోటు వదిలి, బోట్ల దారి వదిలి దూరంగా వేసుకుంటే చాలు, సముద్రమంతా మనదే. పిసినారితనం దేనికి?

గొలుసు గురించి ఒక అపోహ ఉంది. గొలుసు బరువుకి వేలాడుతూ ఉంటుంది కాబట్టి కుదుపుని అదే మింగేస్తుందని. మామూలు గాలిలో నిజమే. 8 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకి ఒకటిన్నర కిలోలకి కాస్త తక్కువ, ముప్పై మీటర్లంటే నలభై కిలోల పైన. కానీ గాలి 30 నాట్లకి వచ్చేసరికి ఆ వేలాట దాదాపు పోయి గొలుసు కమ్మీలా బిగుస్తుంది, సరిగ్గా మనకి కావలసినప్పుడు కుదుపు మింగేది ఏదీ మిగలదు. మన తీరంలో ఏడాదిలో చాలా నెలలు దక్షిణం నుంచి పెద్ద కెరటాలు వస్తూనే ఉంటాయి, వాటిని అడ్డుకునే దీవులు లేవు. అందుకని గొలుసుకి ఒక పది మీటర్ల నైలాన్ తాడు కట్టి, దాన్ని పడవకి వేసి, గొలుసుని కొంచెం వదులుగా ఉంచుతాం. నైలాన్ సాగుతుంది. పాలీప్రొపిలీన్ తాడు బజార్లో చవగ్గా దొరుకుతుంది కానీ అది అంతగా సాగదు, నీటి మీద తేలుతుంది, ఎండకి పొడిలా రాలిపోతుంది. లంగరు పనికి వద్దు. గొలుసు రాళ్ళ మీద ఒరిసినా తట్టుకుంటుంది, అందుకోసమైనా లంగరు వైపు కొంత గొలుసు ఉండి తీరాలి.

ఇప్పుడు అసలు పని, వేసే విధానం. గాలికి ఎదురుగా మెల్లగా వెళ్ళండి, పడవ పూర్తిగా ఆగనివ్వండి. లంగరుని విసరొద్దు, దించండి. గొలుసంతా ఒకేసారి వదిలితే లంగరు మీదే కుప్పగా పడి చిక్కుపడుతుంది. అడుగు తగిలాక పడవ గాలికి వెనక్కి పోతుంటే, ఆ వేగానికే గొలుసు వదులుతూ పోవాలి. లెక్క ప్రకారం వదిలేశాక కట్టేసి, రెండు నిమిషాలు ఊరుకోవాలి, బురద నేలైతే ఇంకా ఎక్కువ. అప్పుడు ఇంజన్ రివర్స్‌లో వేసి, ముందు తక్కువగా, తర్వాత కొంచెం కొంచెంగా పెంచాలి.

ఆ సమయంలో ఒకరు ముక్కు దగ్గర కూర్చుని గొలుసు మీద అరచెయ్యి పెట్టాలి. చాలాసార్లు మన నీళ్ళు కలకగా ఉంటాయి, లంగరు ఏం చేస్తోందో కంటికి కనిపించదు, చేతికి తెలుస్తుంది. లంగరు జారుతుంటే గొలుసులో టకటకమని సన్నని వణుకు వస్తుంది, గరుకు రోడ్డు మీద సైకిల్ హ్యాండిల్ వణికినట్టు. దిగుతున్నప్పుడు ఆ వణుకు తెరలు తెరలుగా వచ్చి పూర్తిగా ఆగిపోతుంది. గొలుసు నీళ్ళలోంచి లేచి బిగుసుకుంటుంది, దాని మీది నీటిబొట్లు రాలిపోతాయి, పడవ ముక్కు కాస్త కిందికి వంగుతుంది. ఇంజన్ ఇంకా వెనక్కి లాగుతూనే ఉంటుంది, పడవ మాత్రం కదలదు. అప్పుడు పక్కకి చూడాలి, ఒడ్డున ముందు ఒక గుర్తు, వెనక ఒక గుర్తు. జాలర్లు వేట చోట్లు గుర్తుపెట్టుకునేది కూడా ఇలాగే, ఒక కొండ మీదికి ఇంకో గుర్తు వచ్చేలా చూసుకుని. ఇంజన్ గట్టిగా లాగుతున్నంతసేపూ ఆ రెండూ విడిపోకుండా ఉంటే, లంగరు పట్టింది. విడిపోతే ఎత్తి మళ్ళీ వేయాలి. మూడుసార్లు వేయాల్సి వచ్చినా, చీకటి పడుతున్నా, ఆకలేస్తున్నా సరే. ఫోన్‌లో లంగరు అలారం యాప్ పెట్టుకోండి, మేమూ పెడతాం. అది జారాక చెబుతుంది, జారకుండా ఆపదు.

"ఇంత టెన్షన్ ఎందుకు, సముద్రం మధ్యలో కదా అసలు ప్రమాదం" అంటారు కొందరు. మన విశాఖ నుంచి వెళ్ళిన నేవీ అధికారి పి. స్వాతి, మరో ఐదుగురు మహిళా అధికారులు తారిణి అనే పడవలో 2017, 2018ల్లో భూమి చుట్టి వచ్చారు. నడిసంద్రంలో పెద్ద తుఫానులు తట్టుకునే పడవలు ఉన్నాయి. నేలకి కొట్టుకున్నాక తట్టుకునే పడవ మాత్రం లేదు. 2020 అక్టోబరులో తెన్నేటి పార్కు కింద రాళ్ళ మీదికి వచ్చి పడ్డ ‘ఎం.వి. మా’ అనే బంగ్లాదేశ్ ఓడ మనందరం వెళ్ళి చూసిందే. వాయుగుండం గాలికి లంగరు నిలవక వచ్చేసింది. అంత పెద్ద ఓడ, అందులో 15 మంది వృత్తిగా ఓడ నడిపేవాళ్ళు. ప్రాణాలు దక్కాయి, ఓడ మళ్ళీ కదల్లేదు.

అలాగని మంచి లంగరు అన్నిటినీ ఆపుతుందనీ చెప్పను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన మీదికి వచ్చినప్పుడు గాలి గంటకి 185 కిలోమీటర్లు. 30 నాట్లంటే సుమారు 55. గాలి మూడింతలు దాటింది, తోపు పదకొండింతలు. ఏ సైజు లంగరు కొన్నా మన తీరంలో దానికి ఎదురు నిలవదు, అప్పుడు చేయాల్సింది ముందే పడవని క్రేన్‌తో ఎత్తించి లోపలికి తీసుకుపోవడం. మా లంగరు రాత్రులు డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా మాత్రమే. మిగతా నెలల్లో పగలు వెళ్ళి పగలే వచ్చేస్తాం. ఇలా నెలలు ఎంచుకోవడం కూడా లంగరు వాడకంలో భాగమే అని నా నమ్మకం.

మొన్న ఆదివారం గొలుసు మొత్తం బయటికి తీసి మంచినీళ్ళతో కడిగాం. లంగరు వైపు చివరి రెండు మీటర్లలో జింకు పోయి తుప్పు కనిపించింది, ఇసకలో ఒరిసేది ఆ ముక్కే కాబట్టి. గొలుసుని తిరగేసి, తుప్పు పట్టిన కొన పడవ వైపుకి, బాగున్న కొన లంగరు వైపుకి మార్చాం. పది మీటర్లకొకటి చొప్పున ఎర్ర రంగు గుర్తులు మళ్ళీ వేశాం. గొలుసుని లంగరుకి కలిపే షాకిల్ కొండీ పిన్ను ఊడకుండా కట్టిన తీగ ఒక పోగు తెగి ఉంది, అది తీసేసి కొత్త తీగ రెండు చుట్లు తిప్పి మెలేశాను. బావ దాన్ని పట్టకారుతో ఒకసారి లాగి చూసి, లంగరుని రోలర్ మీదికి ఎక్కించాడు.